ఉద్దేశింపని ఉపకారము

మనకు మేలు చేయవలెనని తలంచి మేలు చేసినవానియెడల మనము కృతజ్ఞులమై యుండవలెనన్న మాటను కాదనువారు లేరు. కృతఘ్నత నింద్యమని యన్ని దేశముల పెద్దలును చెప్పియున్నారు. కాని తలంపు లేకయే మేలు చేసినవాని సంగతి యేమి? తన త్రోవను తాను పోవుచు, తన కూలికై తాను పాటుపడుచు, మన బ్రదుకునకు రూపు గల్పించి పోయినవానికి మనమేమైన ఋణపడియున్నామా? లేదని లోకులలో ననేకుల యభిప్రాయము. "వాడు నా కొఱకు చేసెనా? తన పొట్టకొఱకు చేసికొనెను. ఇయ్యవలసిన దిచ్చితిని. ఇంక బాకీ యేమున్నది?" అను మాట మన యిండ్లలో దినమును వినబడునదే. ఈ మాట న్యాయమైనదా కాదా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ విచారమునకు దృష్టాంతమును మనుష్యలోకమునుండి గాక యాకాశమునుండి గ్రహింపదలచితిమి. దీనికి కారణము కలదు. మనుష్యుల వ్యవహారములలో నుద్దేశములు కలగాపులగమై యుండును. ఏ పని స్వార్థముచే జరిగినదో, యేది ప్రేమచే జరిగినదో వేఱుచేసి చూపుట చేసినవానికే యొక్కొక్కప్పుడు శక్యము కాదు. ఆకాశమునందలి జడపదార్థములకు మాత్రము ఉద్దేశము లేదనుట నిర్వివాదము. అచ్చట ఒకటి మఱియొకదానికి చేసినదంతయు ఉద్దేశింపనిదే. కావున మన ప్రశ్న అచ్చట మిక్కిలి స్పష్టమైన రూపమున గానవచ్చును.

దక్షిణాకాశమున మయూరమను పేరుగల తారాసమూహ మొకటి కలదు. చంద్రుని మార్గమునుబట్టి మన ప్రాచీనులు ఏర్పఱచుకొన్న యిరువదియేడు నక్షత్రములలో నిది చేరదు. ఏలయన నది యా మార్గమునకు మిక్కిలి దక్షిణముగా నున్నది. పదునాఱవ శతాబ్దము చివర తూర్పుదీవులకు వర్తకమునకై ఓడలపై వచ్చిన డచ్చి నావికులు గుర్తించిన తారలనుబట్టి దీనికి నెమలి పేరు పెట్టబడినది. ఆ నెమలిలో మనము చెప్పుకొనబోవు వస్తువున్న చోటు, హైదరాబాదునందు నిలిచి చూచువానికి, అత్యంతము పైకి వచ్చిన వేళను సైతము దిఙ్మండలమునకు రెండు డిగ్రీలైనను పైకి రాదు. వచ్చినను కంటికి కానరాదు. దూరదర్శిని లేనిదే దానిని చూచుట యసాధ్యము.

1835వ సంవత్సరమున సర్ జాన్ హెర్షెల్ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా దక్షిణపుకొనయందు, కేపుటౌను సమీపమున, తన దూరదర్శినిని నిలిపి దక్షిణాకాశమును శోధించుచు ఈ వస్తువును కనుగొనెను. అప్పటి పండితులు ఇట్టి వానిని నీహారికలని పిలిచెడివారు. పొగమంచువలె మసకగా కానవచ్చుటచే నా పేరు కలిగెను. 1888లో డ్రయరు అను పండితుడు నీహారికల పెద్దపట్టికను ప్రకటించినప్పుడు దీనికి 6872 అను సంఖ్య వచ్చెను. నేటికిని దీని పేరు ఎన్.జి.సి. 6872 యే. దీని ప్రక్కనే మఱియొక చిన్న వస్తువు కలదు. ఆ చిన్నదానికి పెద్దపట్టికలో చోటు దొరకలేదు. 1908లో వెలువడిన రెండవ అనుబంధ పట్టికలో దానికి 4970 అను సంఖ్య లభించెను. కావున దాని పేరు ఐ.సి. 4970 అయ్యెను. ఈ విధముగా, ఆకాశమున ప్రక్కప్రక్కల నున్న రెండును పుస్తకములలో రెండు చోట్ల, రెండు పేర్లతో, ఒకదానితో నొకటికి సంబంధము లేనివానివలె నిలిచెను.

నీహారికలలో ననేకములు మన యాకాశగంగకు వెలుపల నున్న వేఱు నక్షత్రలోకములని 1920 తరువాతి పదేండ్లలో అమెరికా దేశస్థుడగు ఎడ్విన్ హబుల్ స్థిరపఱచెను. అట్టి లోకములను నేడు గెలాక్సీలని యందురు. వేలకోట్ల నక్షత్రములు, వాని నడుమ వాయువు, ధూళి, ఇవియన్నియు పరస్పరాకర్షణముచే నొక్కటిగా కూడియుండుటయే గెలాక్సీ. వానిలో కొన్నింటికి నడుమనుండి సుడి తిరిగిన చేతులుండును, అవి సర్పిలములు. ఆ సర్పిలములలో మఱి కొన్నింటికి నడిబొడ్డునకు అడ్డముగా తిన్నని దండమువంటి నక్షత్రరాశి యుండి, దాని రెండు కొనలనుండియు చేతులు బయలుదేఱును, అవి దండసర్పిలములు. మన 6872 ఇట్టి దండసర్పిలము. దాని ప్రక్కనున్న 4970 కటకమువంటి యాకారము గల చిన్న గెలాక్సీ. చిన్నదాని పరిమాణము, అనగా ద్రవ్యరాశి, పెద్దదానిలో నైదవవంతు మాత్రమని లెక్కవేయబడినది.

వీని దూరము సుమారు 21 కోట్ల 20 లక్షల కాంతిసంవత్సరములు. సెకనునకు మూడులక్షల కిలోమీటర్లు పరుగిడు వెలుతురు ఒక సంవత్సరములో పోవు దూరము కాంతిసంవత్సరము. కాబట్టి నేడు మన దూరదర్శినులలో పడుచున్న యీ గెలాక్సీల వెలుతురు, భూమిపై మనుష్యుడు గాని, నేటి పశుపక్షిజాతులు గాని లేని కాలమున, రాక్షసబల్లుల తొలితరములు తిరుగుచుండిన దినములలో బయలుదేఱినది. ఇక విస్తారము చూడుడు. మన యాకాశగంగ అడ్డుకొలత సుమారు లక్ష కాంతిసంవత్సరములు. 6872 చేతులు ఈ కొననుండి యా కొనవఱకు 5,22,000 కాంతిసంవత్సరములకంటె నధికమని 2013లో ప్రకటింపబడినది. అనగా మన యాకాశగంగవంటివి అయిదింటిని వరుసగా నిలిపినంత. తెలిసిన సర్పిలములలో మిక్కిలి పెద్దవానిలో నిది యొకటి.

ఇంత పెద్దతనము దీనికెట్లు వచ్చెను? మొదట చూచినవానికి తోచు సమాధానము సులభము: అది పుట్టుకచేతనే పెద్దది, దాని స్వభావమే యట్టిది. పెద్దవారిని చూచినప్పుడును మనకు తోచు సమాధాన మిదియే. ఈ సమాధానము సరికాదని తెలియుటకు జ్యోతిశ్శాస్త్రమునకు చాలకాలము పట్టెను.

1941లో స్వీడను దేశమున ఎరిక్ హోల్‌ంబర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఒక చక్కని యుపాయము పన్నెను. దూరము రెట్టింపైనచో దీపపు వెలుతురు నాలుగవవంతగును. గురుత్వాకర్షణమును అట్లే నాలుగవవంతగును. కావున నొక్కొక్క గెలాక్సీకి బదులుగా ముప్పదియేడేసి విద్యుద్దీపముల నమర్చి, ప్రతి దీపమున్న చోటను ఇతర దీపములనుండి వచ్చు వెలుతురును కొలిచి, ఆ కొలతయే ఆకర్షణముగా నెంచి దీపములను కొంచెముకొంచెముగా జరుపుచు, రెండు గెలాక్సీలు ఒకదాని ప్రక్కనుండి యొకటి పోవునప్పుడు ఏమి జరుగునో చూచెను. గణనయంత్రములు లేని దినములలో డెబ్బదినాలుగు దీపములతో చేసిన యీ పరీక్షయందు, అట్టి సమాగమముచే గెలాక్సీల యాకారములు సాగి మాఱుట కానవచ్చెను. 1959లో రష్యాదేశపు పండితుడు వొరొంత్సోవ్-వెల్యమీనొవ్ పరస్పరప్రభావమునకు లోనైన గెలాక్సీల చిత్రములను సంపుటముగా కూర్చి, అందు మన రెండు గెలాక్సీలను 297 అను నొక్క సంఖ్యక్రిందనే చేర్చెను. వేఱువేఱు పట్టికలలో నుండిన రెండు పేర్లు ఇట్లు ఒక్కచోటికి వచ్చెను. 1972లో అలార్ టూమ్రే, యూరి టూమ్రే అను సోదరులు గణనయంత్రము సాయముతో, గెలాక్సీలనుండి సాగిన పొడవైన సన్నని తోకలును వంతెనలును కేవలము సమీపగమనమున కలుగు ఆకర్షణభేదముచేతనే పుట్టగలవని నిరూపించిరి. కడపట 2007లో ఈ రెండు గెలాక్సీల సంగతినే ప్రత్యేకముగా గణించి చూచినవారు, చిన్నది పెద్దదానికి మిక్కిలి దగ్గఱగా వచ్చి పోయి సుమారు 13 కోట్ల సంవత్సరములైనదనియు, ఆ గమనముచేతనే పెద్దదాని చేతులు ఇంత పొడవుగా సాగెననియు తేల్చిరి.

చదువరులు ఇచ్చట నొక విశేషమును గమనింపవలెను. ఆ పెద్ద గెలాక్సీలో ఏది ప్రాచీనము, ఏది నూతనము అని శాస్త్రజ్ఞులు విచారించిరి. 2003లో ఆకాశమునకు పంపబడి 2013 వఱకు పనిచేసిన గాలెక్స్ అను ఉపగ్రహము అతినీలలోహిత కిరణములలో దీనిని చూచెను. ఇట్టి కిరణములను విశేషముగా వెలువరించునవి లేబ్రాయపు నక్షత్రములు. నడుమనున్న దండములో నట్టి క్రొత్త నక్షత్రముల జాడ లేదు. అచ్చటివి వృద్ధతారలు, దండ మేర్పడి కొన్ని వందలకోట్ల సంవత్సరములు గడచియుండును. సమాగమమునకు పూర్వ మా గెలాక్సీ ఎట్లుండెనో ఆ దండమే సాక్ష్యము చెప్పుచున్నది. నడుమనుండి చేతుల వెంబడి దూరము పోయినకొలదిని నక్షత్రములు చిన్నవయస్సు గలవిగా కానవచ్చును. ఈశాన్యపు చేతి చిట్టచివర మిక్కిలి లేతవి కలవు. అచ్చట ఇరువదికోట్ల యేండ్లు నిండని తారలతో నొక చిన్న నక్షత్రలోకమే క్రొత్తగా రూపొందుచున్నట్లున్నదని కొందఱి యభిప్రాయము. అనగా నడిబొడ్డు దాని సొంతము. చేతుల పొడవును, ఆ చేతులలోని నవజీవనమును పొరుగువానివలన వచ్చినవి. దేనిని చూచి మనము దానిని గొప్పదనుచున్నామో ఆ గొప్పతనమే పరులవలన కలిగినది.

చిన్నదాని గతి యేమయ్యెను? దాని గర్భమున నొక కృష్ణబిలము వాయువును మ్రింగుచు ప్రకాశించుచున్నదని ఎక్స్-కిరణములచే చూచినవారు కనుగొనిరి. ఆ వాయువు పెద్దదానినుండి లాగుకొనబడినదై యుండవచ్చునని వారి యూహ. కాబట్టి చిన్నదియు కొంత గ్రహించినది. ఇచ్చిపుచ్చుకొనుట రెండువైపులను జరిగినది. కాని సామాన్యముగా నిట్టి సమాగమములలో నష్టము సమానముగా నుండదు. పెద్దది సాగును, చిన్నది చెదరును. పెద్దది క్రొత్త యాకారమును పొందును. చిన్నది కాలక్రమమున దానిలో కలిసి తన పేరునే పోగొట్టుకొనుట తఱచు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. 4970 తన త్రోవను తాను పోయినది. 6872కు మేలు చేయవలెనను తలంపు దానికి లేదు. ఐనను 6872 నేడున్నట్లుండుటకు అది కారణము. ఈ సంబంధమునకు మనమేమి పేరు పెట్టవలెను?

మొదటి యాక్షేపణ యిది: "జడపదార్థముల గతినుండి ధర్మమును తీయుట యెట్లు? రాయి క్రిందికి పడును గనుక మనుష్యుడు పతితుడు కావలెనందురా? ఉన్నదానినుండి ఉండవలసినదానిని సాధింపరాదు." ఈ యాక్షేపణ సరియైనదే. ఆకాశమునుండి మేము ఆజ్ఞ నేదియు తీసికొని వచ్చుటలేదు. ధర్మము మనకు ముందే తెలిసినది. అది సత్యము పలుకవలెననుట. ఆకాశము మనకు నేర్పునది ఆ సత్యమునకు విషయమును మాత్రమే. "ఈ విస్తారమంతయు దీని సొంతము" అని 6872నుగూర్చి చెప్పిన శాస్త్రజ్ఞుడు అసత్యము చెప్పినవాడగును. "ఈ యౌన్నత్యమంతయు నా సొంతము" అని తన్నుగూర్చి చెప్పుకొన్న మనుష్యుడును అంతియే. లెక్క తప్పు వ్రాసినవాడు దొంగిలింపకపోయినను తప్పుచేసినవాడే. కృతజ్ఞత యనగా పరుని యుద్దేశమునకు మన మిచ్చు బహుమానమని తలంచుటచేతనే మన ప్రశ్నలో చిక్కు కలిగినది. కృతజ్ఞత యనగా చేయబడినదానిని ఎఱుగుట యని ఆ పదమే చెప్పుచున్నది. ఎఱుంగుటకు చేసినవాని యుద్దేశముతో నేమి పని? చేయబడిన దున్నదా లేదా యనునదే ప్రశ్న.

రెండవ యాక్షేపణ మన గృహస్థులది: "ఎఱిగితిని, కూలియు ఇచ్చితిని. అప్పు తీఱినది గదా?" ఇచ్చట అప్పునకును ఋణమునకును గల భేదమును గమనింపవలెను. అప్పు ఒడంబడికవలన పుట్టును, పత్రముమీద వ్రాయబడును, సొమ్ము చెల్లించినచో చెల్లుచీటి దొరకును. ఋణ మట్టిది కాదు. మనుష్యుడు పుట్టుటతోడనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడియున్నాడని మన పూర్వులు చెప్పిరి. ఈ మూడును అందఱెఱిగినవే. కాని శతపథబ్రాహ్మణము వీనితోడ నాల్గవ ఋణమును కూడ చెప్పుచున్నది. అది మనుష్యులకు మనుష్యుడు పడియున్న ఋణము. ఈ నాల్గవదానిని మనము మఱచిపోవుట కాకతాళీయము కాదేమో. మొదటి మూడింటికి క్రతువులు, అధ్యయనము, సంతానము అను తీఱుమార్గములు ఏర్పడినవి. వానివలన కీర్తియు లభించును. నాల్గవదాని తీఱుమార్గము అతిథికిని అన్నార్తునకును పెట్టుట. అది ప్రతిదినమును చేయవలసినది, పేరు రానిది. ఈ ఋణములలో నేదియు ఒడంబడికవలన పుట్టినది కాదు. ఉపకరించినవాని యుద్దేశముతో దేనికిని పనిలేదు. వేదమును కాపాడిన ఋషి నిన్నును నన్నును తలంచి కాపాడలేదు. ఐనను ఋణము కలదనిరి.

కూలి యనునది చేతిపనికి వెల. ఆ చేతిపనిచే మన బ్రదుకు ఎట్టి రూపు దాల్చినదో దానికి వెల కట్టినవారు లేరు. ఒక యింటి సంగతి నూహింపుడు. తమ్ముడు గొప్ప చదువు చదివి గొప్ప యుద్యోగము చేసి సభలలో నధ్యక్షుడై వెలుగుచున్నాడు. అతని జీవితచరిత్ర వ్రాసినవారు అతని మేధను, అతని శ్రమను, అతని గురువులను కొనియాడిరి. ఆ యింట అక్క యొకతె యుండెను. తల్లి జబ్బుపడిన సంవత్సరమున వంటయింటి పని చూచుకొనుటకై ఆమె చదువు మానిపింపబడెను. ఆమె త్యాగము చేయవలెనని చేసినది కాదు. ఆమెను ఎవరును అడుగలేదు. ఇంటిలో పని యుండెను, చేసెను. తమ్ముడు దీపముకడ కూర్చుండి చదువుకొనెను. తరువాత ఆమెకు పెండ్లి చేసిరి, కట్నము నిచ్చిరి, అప్పు తీఱినదనుకొనిరి. ఆ జీవితచరిత్రలో ఆమె పేరు లేదు. అనుబంధములో నైనను లేదు. తమ్మునికి నడిబొడ్డున సొంతమైన మేధ లేదని మే మనుటలేదు. దండము అతని సొంతమే. కాని లోకము చూచి మెచ్చిన యా బాహువుల విస్తారము, ప్రక్కన నడచిపోయిన యొక యల్పజీవితముయొక్క యాకర్షణమువలన కలిగినది.

ఇట్లే యుదయముననే వచ్చి అంట్లుతోమి పోవు స్త్రీ తన పసిబిడ్డను ఎవరికి విడిచి వచ్చినదో మన మడిగితిమా? ఆమె మనకొఱకు రాలేదు, కూలికొఱకు వచ్చినది. నిజమే. కాని ఆమె వచ్చుటచే మనకు దొరకిన తీఱుబాటులోనే మన గ్రంథపఠనము, మన సభలు, మన పరోపకారచింతయు పెరిగినవి. ఆమె యిచ్చినది గంటసేపటి పని. మనము పొందినది ఒక జీవితవిధానము. ఈ రెండింటికి నడుమ నున్న భేదమునే ఋణమని చెప్పుచున్నాము.

మూడవ యాక్షేపణ సూక్ష్మమైనది: "ఇట్లు చూచినచో లోకములో ప్రతివాడును ప్రతివానికి ఋణపడియున్నాడు. అందఱికి ఋణపడినవాడు ఎవ్వరికిని ఋణపడనివానితో సమానము." దీనికి సమాధానము హోల్‌ంబర్గుని దీపములలోనే కలదు. విశ్వములో ప్రతి వస్తువును ప్రతి వస్తువును ఆకర్షించుచున్నమాట నిజము. ఐనను ఆ యాకర్షణము అన్నివైపులనుండి సమానముగా రాదు. దూరముతో వేగముగా క్షీణించును. 6872 ఉన్న గెలాక్సీల గుంపులో దానికంటె బలమైనవియు కలవు. గుంపునకు వెలుపల లెక్కకుమించి కలవు. అవియన్నియు దానిని లాగుచునేయున్నవి. ఐనను 2007 నాటి గణనములో, దాని చేతుల నీ విధముగా సాగదీయుటకు, దగ్గఱగా వచ్చిపోయిన ఆ చిన్నదాని గమనమే చాలినది. ఋణమును అట్లే. అందఱికిని ఋణము కలదు. కాని మన గడపదాటి వచ్చినవారికి, మన ప్రక్కన నడచినవారికి, మన సమీపమున నష్టపడినవారికి అది యధికము. దూరపుదేశముల దీనులకొఱకు కన్నీరు విడుచుట తప్పుకాదు. కాని దానిని నెపముగా జేసికొని ప్రక్కయింటిలెక్కను తప్పించుకొనరాదు.

ఈ విచారము దూరపు గెలాక్సీకి మాత్రమే చెందినదని యెవరైన తలంతురేమో. మన యాకాశగంగయును దండసర్పిలమే. దానికిని సహచరములు కలవు. వానిలో నొకటి ధనూరాశి దిక్కున, మన గెలాక్సీ నడిబొడ్డునకు ఆవలివైపున నున్నది. ఇంత దగ్గఱగా నున్నను, ముందున్న నక్షత్రముల దట్టమైన తెర యడ్డుపడుటచే, 1994 వఱకు దానిని ఎవరును కనుగొనలేదు. దూరపు నీహారికలను వేలకొలది పట్టికలలో వ్రాసికొన్న పండితులకు తమ పెరటిలోని పొరుగువాడు తెలియలేదు. ఆ చిన్న గెలాక్సీ మన యాకాశగంగచే చీల్చబడి, దాని నక్షత్రములు పొడవైన ధారలుగా మనచుట్టును చుట్టుకొనియున్నవి. 2018లో గయా అను వ్యోమనౌక తెచ్చిన కొలతలనుబట్టి, మన యాకాశగంగ బిళ్లలోని తారల చలనమునందు ఇంకను నిలిచియున్న యొక కదలిక బయలుపడినది. 30 కోట్లనుండి 90 కోట్ల సంవత్సరముల క్రిందట కలిగిన యొక కలతకు అది గుర్తనియు, ఆ కలతకు కారణము ఈ చిన్న సహచరము దాటిపోవుటయే కావచ్చుననియు పరిశోధకులు తలంచిరి. మన సూర్యుడును, మన భూమియు, దానిపై కూర్చుండి యీ వ్యాసమును చదువుచున్న మనమును ఆ బిళ్లలోనివారమే. కనుక ఎఱుగని పొరుగువానిచే కదలింపబడినవారిలో మనమును చేరియున్నాము.

ఐనను మనకును గెలాక్సీకిని ఒక భేదము కలదు. 6872 తన సహచరమును ఎఱుగదు, ఎఱుగజాలదు. అందుచే దానికి దోషము లేదు. మనము ఎఱుగగలము; ఎఱిగియు లెక్కలో వ్రాయకుండుట మనకు దోషము. దాని సాగిన చేతుల కొనలయందు క్రొత్త నక్షత్రములు పుట్టుచుండుట దానికి విధి. మన సాగిన చేతులతో నేమి చేయవలెనో నిర్ణయించుట మన చేతిలోని పని.

కావున నీ ఋణమును తీర్చు మార్గమేది యని యడిగినచో మూడు మాటలు చెప్పవచ్చును. మొదటిది, పేరు చెప్పుట. మన జీవితకథను మనము చెప్పుకొనునప్పుడు, ప్రక్కన నడచినవారి పేరు అనుబంధములో గాక మూలములోనే యుండవలెను. సంబంధమున్న రెండింటిని వేఱువేఱు పట్టికలలో వ్రాయుట తప్పని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు తెలిసికొని దిద్దుకొనిరి, గృహస్థులును దిద్దుకొనవచ్చును. రెండవది, నష్టము నడుగుట. నాకు నీవలన లాభమెంత యని కాక, నా సమీపమున నుండుటచే నీకు కలిగిన నష్టమెంత యని విచారించుట. చదువు మానిన యక్కకు ఇప్పుడు చదువు చెప్పింపలేకపోవచ్చును. ఆమె మనుమరాలికి చెప్పింపవచ్చును. అంట్లుతోము స్త్రీ బిడ్డ ఎచ్చట నున్నదో అడుగవచ్చును. అడిగినపిదప ఊరకుండుట కష్టము. మూడవది, దయ యను మాటను విడుచుట. ఋణము తీర్చువాడు దాత కాడు. తనకు చెందనిదానిని తిరిగి యిచ్చుచున్నవానికి సన్మానపత్రము అక్కఱలేదు.

ఇట్లు చేసిన మాత్రమున ఋణము పూర్తిగా తీఱునని చెప్పజాలము. 13 కోట్ల సంవత్సరములు గడచినను 6872 చేతులు ముడుచుకొనలేదు. మనకు పరులవలన కలిగిన యాకారమును మన జీవితకాలములో మాసిపోవునది కాదు. తీఱని ఋణమును తీఱినదని చెప్పుకొనుట యొక పద్ధతి. తీఱదని యెఱిగి నిత్యము కొంతకొంత చెల్లించుట మఱియొక పద్ధతి. మొదటిది మనస్సునకు తేలికగా నుండును. రెండవది సత్యమైనది. ఈ రెండింటిలో నేది మన గృహములలో నడువవలెనో విజ్ఞులగు చదువరులే నిర్ణయించి, నిర్ణయించినదానిని నేటినుండియే యాచరింతురుగాక.